మూడు గడియారాల మధ్య ఒక నర్సరీ

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వైపు వచ్చే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఒక నర్సరీ ఉంది. సెప్టెంబరు ఆఖరి వారంలో ఓ పొద్దున వెళ్లేసరికి ఆ నర్సరీ పెద్దాయన నిమ్మ మొక్కల వరసలో గొంతుక్కూర్చుని, ఒక్కో సంచీ ఎత్తి చూసి మళ్లీ కింద పెడుతున్నారు. రాత్రంతా కురిసి తెల్లవారుజామున తెరిపిచ్చింది. షేడ్ నెట్ మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి.

"ఏం చూస్తున్నారండీ?" అన్నాను.

"బరువండి. ఏ సంచిలో నీళ్లు దిగలేదో చెయ్యే చెప్పేద్దండి."

బరువుగా తగిలిన ఒక సంచి తీసి, కాండం రెండు వేళ్ల మధ్య పట్టుకుని బోర్లించారు. మట్టిగడ్డ కదలకుండా చేతిలోకి దిగింది. అంచున వేళ్లు కొన్ని తెల్లగా ఉన్నాయి, అడుగున ఉన్నవి గోధుమరంగుకి తిరిగాయి. అడుగు మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని, నాకూ చూపించారు. మురుగు వాసన. సంచి అడుగు కంతలు రెండూ బంకమట్టితో పూడుకుపోయి ఉన్నాయి. ఇనప చువ్వతో వాటిని పొడిచి, గడ్డను మళ్లీ సంచిలో దింపి, ఆ మొక్కని విడిగా ఎత్తు గట్టు మీద పెట్టారు. అప్పటికే గట్టు మీద ముప్ఫై, నలభై దాకా ఉన్నాయి.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. నర్సరీల్లో ఎక్కువగా వాడే సంచి పరిస్తే ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు ఉంటుంది. మట్టి నింపితే దాని మూతి నాలుగంగుళాల లోపు గుండ్రం, అంటే దాదాపు 74 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే దాన్ని 'భారీ వర్షం' అంటుంది. ఆ వాన ఆ మూతిలో పడితే సంచిలోకి దిగే నీరు సుమారు 477 మిల్లీలీటర్లు, అర లీటరుకి కాస్త తక్కువ. సంచిలో ఉండే మట్టి మొత్తం లీటరుంబావు. తన పరిమాణంలో మూడో వంతుకు పైగా నీళ్లు ఒక్క రాత్రిలో నెత్తిన పోస్తే, కిందకి దిగే దారి లేని వేరుకి గాలి ఎక్కడిది? వేరు ఊపిరి పీల్చేది మట్టి రేణువుల మధ్య ఉండే గాలితోనే. ఆ సందుల్ని నీరు ఆక్రమించి రెండు రోజులు కదలకపోతే వేరు కుళ్లడం మొదలవుతుంది. మొక్క పైకి పచ్చగానే ఉంటుంది. మనం కొనుక్కుపోయి నాటిన పది రోజులకి వాడిపోతుంది, మన చెయ్యి మంచిది కాదనుకుంటాం.

ఇదే లెక్క నర్సరీ మొత్తానికి వేస్తే ఇంకా తెలుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఒక లీటరు నీరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 64.5 మిల్లీమీటర్ల వానకి ఎకరం నర్సరీ మీద పడేది 2 లక్షల 61 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 52 తెచ్చి కుమ్మరించినట్టు. ఇది భారీ వర్షంలో అడుగు మెట్టు మాత్రమే. 115.6 మిల్లీమీటర్లు దాటితే 'అతి భారీ', 204.4 దాటితే 'అత్యంత భారీ' అంటారు. ఆఖరి మెట్టుకి చేరితే ఎకరం మీద 8 లక్షల లీటర్లు దాటిపోతాయి. శరత్తు మొదట్లో మంచి నర్సరీ పెట్టుబడి పెట్టాల్సింది ముందు మురుగు బోదెల మీద అని నేను అనడానికి కారణం ఈ అంకెలే.

శరత్తు అంటే మన లెక్కలో ఆశ్వయుజం, కార్తీకం. పుస్తకంలో అది నిర్మలమైన ఆకాశం, తేటపడిన చెరువులు, వెన్నెల. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం ఆ రెండు నెలలూ వాన వెళ్లీ వెళ్లకుండా ఉండే కాలం. పగలు ఉక్క, రాత్రి ముసురు, నడుమ నాలుగు రోజులు మాడ్చే ఎండ. నర్సరీకి ఇదే ఏడాదిలో పెద్ద అమ్మకాల కాలం, ఇదే పెద్ద నష్టాల కాలం కూడా. ఎందుకంటే అక్కడ ఒకేసారి మూడు గడియారాలు నడుస్తుంటాయి. మొక్క ఎండ గడియారం చూసుకుంటుంది. కొనేవాళ్లు చంద్రుడి గడియారం చూసుకుంటారు. నీళ్లు మాత్రం వాన గడియారం ప్రకారం వస్తాయి. మొదటి రెండూ తాతల నాటి లెక్క ప్రకారమే తిరుగుతున్నాయి. మూడోది జరిగిపోయింది.

ముందు ఎండ సంగతి. ఏలూరు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏడాదిలో పెద్ద పగలు జూన్ 21న, సుమారు 13 గంటల 6 నిమిషాలు. చిన్న పగలు డిసెంబరు 21న, సుమారు 11 గంటల 8 నిమిషాలు. రెంటికీ తేడా రెండు గంటలే కాబట్టి మనం పెద్దగా పట్టించుకోం. అయితే ఈ రెండు గంటలూ ఏడాదంతా సమానంగా తరగవు. జూన్ చివర్లో రోజుకి కొన్ని సెకన్లే తగ్గే పగలు, సెప్టెంబరు 23 విషువత్తు దగ్గరకొచ్చేసరికి రోజుకి దాదాపు ఒక నిమిషం చొప్పున తగ్గుతుంది. ఏడాదిలో అంత వేగంగా పగలు తరిగే రోజులు ఇవే. విషువత్తు నాడు ఏలూరులో సాయంత్రం ఆరింటికి అస్తమించే సూర్యుడు, అక్టోబరు ఆఖరుకి సుమారు 5 గంటల 35 నిమిషాలకే దిగిపోతాడు. నర్సరీ కూలీలకి ఇది ముందు తెలుస్తుంది. ఆ పూట కట్టాల్సిన అంట్లు ఇంకా మిగిలి ఉండగానే చూపు ఆనదు.

మొక్కలకీ తెలుస్తుంది. చామంతి చిన్న పగలు, పెద్ద రాత్రి కోరుకునే మొక్క. రకాన్ని బట్టి పగలు సుమారు పదమూడున్నర గంటల లోపు ఉంటేనే మొగ్గ సరిగ్గా ఎదుగుతుంది. మన దగ్గర జూన్‌లో కూడా పగలు అంతకి మించదు. అంటే మన చామంతికి ఏ కాలంలోనైనా మొగ్గ తొడిగే తొందర ఉంటుంది. మొక్క కొమ్మలు వేసి గుబురు కట్టకముందే పూతకొస్తే నాలుగు పూలతో సరిపెట్టేస్తుంది. అందుకే చామంతి సాగు చేసే చోట్ల రాత్రిపూట తోటల్లో బల్బులు వెలిగించి, ఇంకా పగలే ఉందన్నట్టు మొక్కకి భ్రమ కల్పిస్తారు. తగినంత పెరిగాక దీపాలు ఆర్పేస్తారు. ఆ తర్వాత పని రాత్రి చూసుకుంటుంది. క్రిస్మస్‌కి ఎర్రగా తిరిగే పాయిన్సెటియా ఆకులదీ ఇదే కథ. వాన పడినా పడకపోయినా, తుపాను వచ్చినా రాకపోయినా, ఈ గడియారం నిమిషం అటూ ఇటూ కాదు.

మన రైతుల కార్తెలు పుట్టింది కూడా ఈ గడియారం నుంచే. సూర్యుడు 27 నక్షత్రాలను చుట్టి రావడానికి 365 రోజులు. ఒక్కో నక్షత్రానికి పదమూడున్నర రోజులు. సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర, 27 ప్రాంతంలో హస్త, అక్టోబరు 10 ప్రాంతంలో చిత్త, 24 ప్రాంతంలో స్వాతి. ఇంగ్లిషు తేదీతో చూస్తే ఏటా ఒక రోజు తేడాలో అవే వస్తాయి. నక్షత్రాల లెక్కకీ రుతువుల లెక్కకీ మధ్య దాదాపు 72 ఏళ్లకి ఒక రోజు జరుగుతుంది. తాత చెప్పిన హస్తకీ మనవడు చూసే హస్తకీ ఆ మాత్రమే తేడా. పెద్దలు చిత్త, స్వాతి వానల మీద అంతలా మాట్లాడుకున్నది ఊరికే కాదు. సార్వా వరి పొట్టకొచ్చి ఈనే రోజులు అవి. నర్సరీలో రబీ మిరప, టమాటా, వంగ నారు ట్రేల్లో ఉండే రోజులు కూడా అవే.

చంద్రుడి గడియారం కొనేవాళ్లది. బంతి సంగతి చూడండి. విత్తనం వేసిన 25 రోజులకి నారు నాటుకోవచ్చు. నాటిన 60 రోజులకి కోత బాగా అందుతుంది. మొత్తం 85 రోజులు. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. అంటే నర్సరీలో విత్తనం జూలై 27 నాటికి పడాలి, నారు ఆగస్టు 21కి పొలం చేరాలి. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దీపావళి నవంబరు 8కి వెళ్లింది. విత్తనం ఆగస్టు 15కి, నాటు సెప్టెంబరు 9కి జరుగుతాయి. పండగ 19 రోజులు జరిగితే నారు కూడా 19 రోజులు జరగాలి. పోయినేడు ఫలానా తారీఖున వేశాం కదా అని ఈ ఏడూ అదే రోజున వేసినవాడి పూలు పండగకి ముందే విచ్చుకుని వాడిపోతాయి. ఏలూరు పూల దుకాణంలో దీపావళి పొద్దున ఉండే ధర రెండు రోజులు గడిచాక ఉండదు. అందుకే నర్సరీ ఆయన గదిలో ఏలూరు వెంకట్రామా వారి క్యాలెండరు గోడకి ఉంటుంది, దాని మీద పెన్సిల్‌తో వెనక్కి లెక్కపెట్టిన సున్నాలు ఉంటాయి.

ఇక వాన. ఇక్కడే కాస్త ఆగి చూడాలి.

నైరుతి రుతుపవనాలు జూన్ 1న కేరళ తాకుతాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. వెనక్కి మళ్లే తేదీ గురించి అంతగా వినలేదు. అది పశ్చిమ రాజస్థాన్‌లో మొదలవుతుంది. దశాబ్దాల తరబడి దానికి సాధారణ తేదీ సెప్టెంబరు 1. వాతావరణ శాఖ 2020లో ఆ తేదీని సెప్టెంబరు 17కి మార్చింది. ఇటీవలి దశాబ్దాల్లో వాన ఎప్పుడు ఆగుతోందో చూసి, పదహారు రోజులు ఆలస్యంగా జరిపింది. ఆ మార్పు వచ్చాక ఏం జరిగిందో చూస్తే: 2020లో ఉపసంహరణ సెప్టెంబరు 28న మొదలైంది. 2021లో అక్టోబరు 6న. 2022లో సెప్టెంబరు 20న, 2023లో 25న, 2024లో 23న. కొత్త తేదీ కన్నా కూడా ఆలస్యమే. 2025లో మాత్రం సెప్టెంబరు 14న, మూడు రోజులు ముందే మొదలైంది. తేదీ మార్చడానికి ముందు ఏడాది, 2019లో, అక్టోబరు 9 దాకా కదలనే లేదు. అంత ఆలస్యం అంతకు ముందు నమోదు కాలేదు. ఏడేళ్లలో సెప్టెంబరు 14కీ అక్టోబరు 9కీ మధ్య 25 రోజుల ఊగిసలాట. ఒక విడత టమాటా నారు ట్రేలో పుట్టి, పెరిగి, పొలానికి వెళ్లే కాలం అది.

రాజస్థాన్‌లో వాన ఆగితే తాడేపల్లిగూడెం నర్సరీకి ఏమిటి అనుకోవచ్చు. అక్కడ పొడిగాలి దిగడం మొదలైతే రుతుపవన ద్రోణి కిందకి జరుగుతుంది, బంగాళాఖాతం అల్పపీడనాలు మన తీరం మీదకి వస్తాయి. దేశం మొత్తం నుంచి నైరుతి వెళ్లిపోయే సాధారణ తేదీ అక్టోబరు 15. ఆ వెంటనే గాలి తిరిగి ఈశాన్యం మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. నైరుతి ఆలస్యంగా కదిలిన ఏడు ఆ రెంటి మధ్య నేల ఆరే తెరిపి మిగలదు. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది, ఆ ఏడు నైరుతి ఇంకా పూర్తిగా వెళ్లనే లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది, చేతికొచ్చిన వరిని ముంచింది.

వాన మొత్తం పెరిగిందా అంటే, అలా చెప్పలేం. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1951 నుంచి 2015 వరకు దేశంలో నైరుతి వర్షపాతం 6 శాతం దాకా తగ్గింది. అదే కాలంలో మధ్య భారతంలో రోజుకి 150 మిల్లీమీటర్లు దాటిన కుంభవృష్టి రోజులు 75 శాతం పెరిగాయి. అది మన జిల్లా లెక్క కాదు, కానీ కారణం అందరిదీ. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టి ఉంచుతుంది. 1901 నుంచి 2018 మధ్య దేశం సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. ఎక్కువ ఆవిరి మోసే గాలి ఎక్కువ రోజులు ఊరుకుంటుంది, కురిసినప్పుడు ఒక్కసారి కుమ్మరిస్తుంది. నర్సరీకి నెలలో 150 మిల్లీమీటర్లు పది తడవలుగా వస్తే బంగారం. అదే 150 ఒక్క రాత్రిలో వస్తే, ముందు చెప్పిన సంచిలోకి లీటరు పైగా నీళ్లు దిగుతాయి. మట్టిలో ఉన్న నత్రజని కొట్టుకుపోతుంది. నాలుగు రోజులకి ఆకులు పాలిపోతే తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. నీరు దిగిపోయాక 19-19-19 ఎరువు లీటరుకి 5 గ్రాములు కలిపి ఆకుల మీద చల్లితే కోలుకునే మొక్కలు అవి.

నిజమైన తెగుళ్లకి ఈ కాలంలో వాన కూడా అక్కర్లేదు. రాత్రి 24 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం ఉందనుకుందాం. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొల్లేటి చుట్టూ ఇది మామూలే. ఆ గాలి రెండు డిగ్రీలు చల్లబడితే చాలు, ఆకు మీద మంచు దిగుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆకు గాలికన్నా తొందరగా చల్లబడుతుంది. అంటే మనం హాయిగా ఉందనుకునే వెన్నెల రాత్రి, ఆకు తెల్లవార్లూ తడిగా ఉంటుంది. శిలీంధ్రానికి కావాల్సింది ఆ తడి గంటలే. 98 గుంతల ప్రోట్రేలో కొబ్బరిపీచు పొట్టు మీద పెరిగే నారుకి నారుకుళ్లు వచ్చేది ఇలాంటప్పుడే. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకి మొదలు దగ్గర నీరుగారి పడిపోయి ఉంటుంది. వంద ట్రేల్లో 9,800 మొక్కలు ఉంటే, పదో వంతు పోయినా 980. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపడం, లేదా ఒక శాతం బోర్డో మిశ్రమం వాడటం అందరికీ తెలిసిన మందు. బోర్డో అంటే వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మందు కన్నా ముందు చెయ్యాల్సింది సాయంత్రం తడి మానుకుని పొద్దున్నే నీళ్లు పెట్టడం. ఆకు చీకటిపడే ముందు ఆరితే తెగులు సగం ఆగిపోతుంది. దీనికి ఖర్చేమీ లేదు, అలవాటు మార్చుకోవడమే కష్టం.

ఇదంతా ఎక్కడైనా ఉండేదే. ఈ ప్రాంతంలో మాత్రం ఇంకో లెక్క ఉంది. పడిన నీరు ఎటు పోతుందనేది.

తాడేపల్లిగూడేనికి ఉత్తరాన వెంకట్రామన్నగూడెం వైపు ఎర్రనేల మెట్ట. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది అక్కడే. దక్షిణాన ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన గోదావరి డెల్టా నల్లనేల. గోదావరి ఏలూరు కాలువ, కృష్ణా ఏలూరు కాలువ రెండూ వచ్చి ఏలూరులో కలుస్తాయి. మెట్టలో పడిన వాన తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరుల మీదుగా పల్లంలోకి దిగుతుంది. నాలుగు వేల చదరపు కిలోమీటర్లకి పైగా నేల మీద నీరు చేరేది ఒక్క కొల్లేటికి. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరు. 60 కిలోమీటర్లు దాటిన దాని పొడవునా వాలు అంతంత మాత్రం, ఆపైన పోటు వేళ సముద్రం ఎదురు తోస్తుంది.

1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు, సముద్ర మట్టానికి అయిదడుగుల కాంటూరు దగ్గర 308 చదరపు కిలోమీటర్లు. 2002 ఆగస్టులో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తించిన విస్తీర్ణం పదడుగుల కాంటూరు లెక్కన 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నీరు అయిదడుగులు పెరిగితే, అంటే మనిషి ఎత్తు కూడా లేకుండానే, సరస్సు దాదాపు మూడింతలు. అడుగుకి సగటున 119 చదరపు కిలోమీటర్ల నేల నీటి కిందకి పోతుంది. చేపల చెరువుల గట్లు లేనప్పటి లెక్క ఇది. గట్లు కట్టాక నీరు పరుచుకోవడానికి చోటు తగ్గి, బయట ఊళ్ల మీదకి ఎక్కి ఎక్కువ రోజులు నిలుస్తోంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీరు తర్వాత చేరాల్సింది కొల్లేటికే. విజయవాడ వార్త ముగిసేసరికి కొల్లేటి ఊళ్లకి అప్పుడే మొదలైంది.

నర్సరీకి కొల్లేటి లోపలి బెడ్ గ్రామాలు, చుట్టూ అంచునున్న బెల్ట్ గ్రామాలే పెద్ద కొనుగోలుదారులు. చెరువు గట్ల మీద కొబ్బరి, అరటి, మునగ వేసుకుంటారు. కొబ్బరికి మామూలుగా మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తవ్వమంటారు. మెట్టలో అది మంచి సలహా. పల్లంలో అది వెయ్యి లీటర్లు పట్టే తొట్టి. అందులో పదినెలల కొబ్బరి మొలక పెడితే వానాకాలమంతా నీళ్లలో నానుతుంది. పల్లపు నేలల్లో కొబ్బరి మొక్క పెద్ద వానలు తగ్గాకే నాటాలని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. ఆ సలహా రాసిన కాలానికి 'వానలు తగ్గాక' అంటే సెప్టెంబరు. ఇప్పుడు సెప్టెంబరులో నాటితే హస్త, చిత్తల్లో ముంచవచ్చు. నవంబరు దాకా ఆగితే మొక్క వేరు పట్టే ముందే తేమ తగ్గుతుంది, వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు పైకొస్తుంది. గట్టు మీద మట్టి దిబ్బ పోసి, దిబ్బ మీద నాటడమే మధ్యేమార్గం. ఎకరానికి పాతిక అడుగుల ఎడంతో దాదాపు 70 మొక్కలు పడతాయి. అన్ని దిబ్బలకి మట్టి మోయడం ఖర్చే, కానీ రెండోసారి మొక్కలు కొని నాటడం కన్నా తక్కువ ఖర్చు.

ఆయిల్‌పామ్‌కి బాధ వేరు. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన కేంద్రం 1995లో మొదలైంది. చుట్టూ మెట్టలో ఎటు చూసినా ఆ తోటలే. మొలకెత్తిన విత్తనం చిన్న సంచిలో, తర్వాత పెద్ద సంచిలో మొత్తం 12 నుంచి 14 నెలలు నర్సరీలో ఉంటుంది. అంటే ఆగస్టులో సంచిలో పెట్టిన మొలక 14 నెలలూ ఉంటే ఒక శరత్తు పసిగా, మరో శరత్తు ఎదిగి, రెండుసార్లు ఈ కాలాన్ని నర్సరీలోనే గడుపుతుంది. 9 మీటర్ల త్రికోణంలో నాటితే హెక్టారుకి 143 మొక్కలు. 2021లో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ పెట్టినప్పుడు హెక్టారు మొక్కలకి ఇచ్చే సాయం 12 వేల నుంచి 29 వేల రూపాయలకి పెంచింది. ఆ 143లో వేరు దెబ్బతిన్నవి పది ఉన్నా, పాతికేళ్ల తోటలో పది ఖాళీలు.

కొనే మనం ఏం చూడాలి? నేను ఒకసారి ఆరు నిమ్మ అంట్లు తెచ్చి రెండు పోగొట్టుకున్నాక నేర్చుకున్నది చెబుతాను. ముందు సంచి ఎత్తి చూడాలి. వాన పడి రెండు రోజులైనా రాయిలా బరువుంటే వద్దు. అడుగు కంతల్లోంచి తెల్ల వేరు తొంగి చూస్తే మంచిది. మామిడి టెంకంటు అయితే కట్టు చూడాలి. జూలై, ఆగస్టుల్లో కట్టిన అంటుకి శరత్తులో ఇంకా రెండు, మూడు నెలలే. కట్టు కింద నుంచి చిగురు వస్తుంటే అది కాయ ఇచ్చే కొమ్మ కాదు, నాటు మొక్కది. అది గిల్లకపోతే పైనున్న బంగినపల్లిని మింగేస్తుంది. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్క సగం ఎండకే అలవాటు పడి ఉంటుంది. హస్త ముసురు తర్వాత వచ్చే ఎండ ఆకుల్ని మాడుస్తుంది. తెచ్చాక వారం, పది రోజులు చెట్టు నీడలో ఉంచి, రోజూ కాస్త కాస్త ఎండకి జరుపుతూ పోవాలి. నాటేది సాయంత్రం. నాటిన రోజు తప్ప, మట్టి వేలితో పొడిచి చూడకుండా నీళ్లు పోయకూడదు. ఈ కాలంలో చచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం దాహంతో చావవు.

మధ్యాహ్నానికి ఆ నర్సరీలో మళ్లీ మబ్బు పట్టింది. గేటు పక్కన ఎత్తు గట్టు మీద ఇరవై కొబ్బరి మొక్కలు ఆటోలోకి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నాయి. కైకలూరు వైపు ఒక లంక ఊరికి వెళ్లాల్సినవి. పెద్దాయన ఫోన్ తీసి స్పీకర్ పెట్టారు.

"ఏమండీ, పుంతలో నీళ్లు దిగాయా?"

"ఇంకా మోకాలి లోతుందండి. గట్టు మీదకి వెళ్లాలంటే దోనెలోనేనండి."

"దిబ్బలు పోశారా?"

"సగం పోశామండి. మిగతా మట్టి తడిసి ముద్దయిపోయిందండి."

"అయితే మొక్కలు నా దగ్గరే ఉంటాయిలెండి. చిత్త దాటనీయండి, చూద్దాం."

ఆటో అబ్బాయికి టీ డబ్బులిచ్చి పంపేశారు. గదిలోకి వెళ్లి క్యాలెండరులో అక్టోబరు 24 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఒక్క క్షణం ఆగి, దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం గీశారు. బయట తొలి చుక్కలు షేడ్ నెట్ మీద పడుతున్నాయి. ఇనప చువ్వ తీసుకుని ఆయన మళ్లీ నిమ్మ వరసలోకి నడిచారు.